ఇరవై అంకెలు, అరవై నాలుగు లఘువులు

శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. పాత గణితం మీద మక్కువ ఉన్న తెలుగువారి నోట తరచు వినిపించే ఒక చంపకమాల పద్యంలో ఈ ఇరవై మాటలు ఇదే వరసలో వస్తాయి. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ఈ పద్యం ప్రచారంలో ఉంది. చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున ప్రతి గడికీ రెట్టించుకుంటూ అరవై నాలుగు గడులూ నింపితే వచ్చే మొత్తాన్ని ఇది చెబుతుంది. శరాలంటే మన్మథుడి బాణాలు అయిదు, శశి ఒకటి, రంధ్రాలు శరీరంలోని తొమ్మిది ద్వారాలు, వియత్తు అంటే ఆకాశం కనుక సున్న, అగ్నులు మూడు, తర్కాలు ఆరు, పద్మజాస్యాలు బ్రహ్మ ముఖాలు కాబట్టి నాలుగు, కుంజరాలు ఎనిమిది దిక్కుల ఏనుగులు. ఇలా మాటలతో అంకెలు చెప్పే భూతసంఖ్యల్లో అంకెలను ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చెప్పుకుంటూ పోతారు. ఆ పద్ధతిలో రాసుకుంటే వచ్చే సంఖ్య ఇది:

18446744073709551615

ఈ సంఖ్యలో ఏడు మూడుసార్లు వస్తుంది. పద్యం దాన్ని నగం, భూధరం, గిరి అని కొండకున్న మూడు పేర్లతో చెబుతుంది. నాలుగు నాలుగుసార్లు వస్తే అబ్ధి, వేదం, పయోనిధి, బ్రహ్మముఖం అన్నది. ఒకటి మూడుచోట్లా చంద్రుడే. ఇంకో చిన్న విశేషం: రెండును రెండుతో గుణించుకుంటూ పుట్టిన ఈ సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కసారి కూడా లేదు. దాని వెనక లోతైన కారణమేదీ లేదు, అది కేవలం పదుల పద్ధతిలో రాయడం వల్ల కుదిరిన యాదృచ్ఛికం. అయితే ఈ సంఖ్యకున్న మిగతా గుణాల్లో చాలావాటికి ఒకే కారణం ఉంది. అది సంఖ్య పెద్దది కావడం కాదు, గడుల లెక్క అయిన 64 స్వయంగా రెండుకు ఘాతం కావడం. గింజల కథ చెప్పేటప్పుడు సాధారణంగా మరుగున పడిపోయేది ఈ విషయమే.

పరిమాణం సంగతి ముందు ముగిద్దాం. మాటల్లో చెబితే ఇది లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్ల 95,51,615. ఏకం, దశం, శతం అంటూ పదిహేడు సున్నల పరార్ధంతో ఆగిపోయే ప్రసిద్ధమైన స్థానాల జాబితాలో దీనికి చోటు చాలదు, ఎందుకంటే ఇది నూట ఎనభై నాలుగు పరార్ధాలకు మించినది. మహావీరాచార్యుడి జాబితా మహాక్షోభం వరకు ఇరవై నాలుగు స్థానాలు సాగుతుంది కనుక అందులో మాత్రం ఇది ఇమిడిపోతుంది. బియ్యపు గింజ ఇరవై మిల్లీగ్రాములనుకుంటే సగం బల్ల, అంటే మొదటి ముప్పై రెండు గడులు, దాదాపు 86 టన్నులతో నిండిపోతాయి, తొమ్మిది పది లారీలు సరిపోతాయి. మిగతా సగానికి మాత్రం ఇప్పుడు ప్రపంచమంతా పండిస్తున్న బియ్యం సుమారు ఏడు వందల ఏళ్ళ పాటు కావాలి. చివరి గడి ఒక్కదానిలో పడే గింజలు, అంతకుముందున్న అరవై మూడు గడుల్లోని గింజలన్నిటికంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. రెట్టింపు లెక్కలో ఏ గడి దగ్గర ఆగినా ఇదే వరస. మొత్తం ఎప్పుడూ తర్వాతి గడి సంఖ్యకు ఒకటి తక్కువ కాబట్టి, అరవై నాలుగు గడుల మొత్తం 2⁶⁴ − 1 అవుతుంది.

ఈ సంఖ్యను పదుల్లో కాకుండా గురులఘువుల్లో రాస్తే దాని అసలు ఆకారం కనిపిస్తుంది. ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం అనే ప్రక్రియ ఉంది. ఇన్ని అక్షరాల పాదంలో గురువులూ లఘువులూ ఎన్ని రకాలుగా అమరవచ్చో వాటన్నిటినీ ఒక క్రమంలో పరచడమే ప్రస్తారం. అన్నీ గురువులున్న పాదం మొదటిది, అన్నీ లఘువులున్నది చివరిది. ఒక పాదం ఆ జాబితాలో ఎన్నోదో తెలుసుకోవాలంటే మొదటి అక్షరం నుంచి 1, 2, 4, 8 అని రెట్టింపు విలువలు వేసుకుని, లఘువులున్న చోట్ల విలువలను కూడి ఒకటి కలపాలి. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలతో ఇరవై ఒక్క అక్షరాలు. దాని లఘువుల విలువలు కూడితే 7,11,599 వస్తుంది, ఒకటి కలిపితే 7,11,600. ఛందోగ్రంథాలు చంపకమాల ఇరవై ఒక్క అక్షరాల ఛందంలో 7,11,600వ వృత్తం అని చెప్పేది ఈ లెక్క ప్రకారమే. గురువు స్థానంలో సున్న, లఘువు స్థానంలో ఒకటి రాస్తే ఇదే ఇప్పటి కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానం, కాకపోతే ఒకట్ల స్థానం ఎడమ చివర ఉంటుంది. భూతసంఖ్యలు చదివే దిశ కూడా అదే. ఈ కళ్ళతో చూస్తే మన ఇరవై అంకెల సంఖ్య వరసగా నిలబడిన అరవై నాలుగు లఘువులు, మధ్యలో ఒక్క గురువు కూడా లేదు.

దీన్ని లెక్కించడానికి అరవై మూడుసార్లు రెట్టించనక్కర లేదు. పింగళుడి ఛందస్సూత్రాల్లో వృత్తాల సంఖ్య కనుక్కోవడానికి ఇచ్చిన ఉపాయం ప్రకారం అక్షరాల సంఖ్య సరి అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీసేయాలి. తర్వాత వెనక్కి వస్తూ సగం చేసిన చోట వర్గం, ఒకటి తీసిన చోట రెట్టింపు చేయాలి. అరవై నాలుగు సగం చేసుకుంటూ పోతే ఆరు మెట్లలో ఒకటికి చేరుతుంది. అందువల్ల 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296 అని వర్గాలు చేసుకుంటూ ఆరో వర్గంతో 18446744073709551616 చేతికొస్తుంది. అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలో అరబ్బీలో రాసిన కాలగణన గ్రంథంలో చదరంగపు మొత్తాన్ని లెక్కించినప్పుడు ఆసరా చేసుకున్నదీ ఈ వర్గాల గుణాన్నే. పద్యంలోని సంఖ్య తప్పు లేకుండా మనదాకా చేరిందో లేదో చూసుకోవడం కూడా తేలిక. అంకెలన్నీ కూడితే 87, దాన్ని తొమ్మిదితో భాగిస్తే శేషం 6. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగించినప్పుడు శేషాలు ఆరేసి మెట్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి 2⁶⁴ శేషం 2⁴ శేషంతో సమానం, అది 7, ఒకటి తీస్తే 6. సరిపోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ పరీక్షకు దొరకవు కనుక పదకొండుతో కూడా చూడాలి. ఒకట్ల స్థానం నుంచి, అంటే పద్యం చదివే వరసలోనే, ఒకదాన్ని కూడి తర్వాతిదాన్ని తీసేసుకుంటూ పోతే 37 వస్తుంది, శేషం 4. ఘాతాల వైపు నుంచి చూసినా, పదకొండు దగ్గర శేషాలు పదేసి మెట్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి 2⁴ − 1, అంటే 15ను పదకొండుతో భాగించినట్టే, శేషం 4. నోటి మీద సాగే సంఖ్యకు ఇంతకంటే చవకైన కాపలా ఉండదు.

వర్గాల దారిలో వచ్చాం కాబట్టి కారణాంకాలు కూడా ఆ దారిలోనే బయటపడతాయి. 2⁶⁴ అనేది 2³²కు వర్గం. ఒక వర్గం నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది, ఆ వర్గమూలానికి ఒకటి తక్కువనూ ఒకటి ఎక్కువనూ గుణించిన లబ్ధం. అందుచేత మన సంఖ్య 4,29,49,67,295, 4,29,49,67,297 అనే రెండు వరస బేసి సంఖ్యల లబ్ధం. వీటిలో మొదటిది మళ్ళీ ఒక వర్గానికి ఒకటి తక్కువే, కనుక అదీ 65,535, 65,537 అని విడిపోతుంది, వాటిలో 65,535 మళ్ళీ 255, 257గా విడిపోతుంది. ఇలా చివరిదాకా పోతే 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297 మిగులుతాయి. గడులు 63 గాని 65 గాని అయి ఉంటే ఈ విభజన ఇంత నున్నగా సాగేది కాదు. 64ను ఆరుసార్లు సగం చేయగలగడం వల్లే మన సంఖ్య ఆరు ముక్కలైంది. ప్రతి ముక్కా రెండుకు ఏదో ఒక ఘాతం మీద ఒకటి, ఆ ఘాతాంకాలు వరసగా 1, 2, 4, 8, 16, 32.

ఈ ముక్కలకు ఫెర్మా సంఖ్యలని పేరు. ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా 1640లో రాసిన ఉత్తరాల్లో ఈ తీరు సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనన్న నమ్మకాన్ని వెలిబుచ్చాడు. 3, 5, 17, 257, 65,537 దాకా అతని మాట నిజమే. ఆరోదైన 4,29,49,67,297 దగ్గరే ఇబ్బంది, మన సంఖ్యలో చిట్టచివరి ముక్క అదే. 1729 డిసెంబరులో క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఒక ఉత్తరంలో ఫెర్మా మాటను లియొన్‌హార్డ్ ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. (రామానుజన్ వల్ల మనకు చిరపరిచితమైన 1729 ఇక్కడ సంవత్సరంగా కనబడటం కాకతాళీయమే.) 1732 నాటికి ఆయిలర్ ఆ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు, భాగఫలం 67,00,417.

ఆయిలర్ గుడ్డిగా వెతికి 641ని పట్టలేదు. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు ఆ ప్రధాన సంఖ్య దృష్టిలో, అంటే దానితో భాగించి శేషాన్నే చూస్తే, 2³² అంటే −1, దాని వర్గమైన 2⁶⁴ అంటే 1. రెండు ఘాతాల శేషాలు మళ్ళీ ఒకటికి రావడానికి సరిగ్గా అరవై నాలుగు మెట్లు పడతాయన్నమాట. ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైన సంఖ్యను ఈ మెట్ల సంఖ్య నిశ్శేషంగా భాగించి తీరాలన్నది ఫెర్మా సొంత సిద్ధాంతం నుంచే వచ్చే ఫలితం. కనుక వెతకవలసినవి 64 గుణిజాలకు ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు మాత్రమే: 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే పని పూర్తవుతుంది. తర్వాత 1878లో ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకా ఈ నియమాన్ని ఇంకా బిగించి, 64కు బదులు 128 గుణిజాలనే చూస్తే చాలన్నాడు. అలా చూస్తే 129, 257, 385, 513, 641 వస్తాయి. వీటిలో 129, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు. ఫెర్మా సంఖ్యలు ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు కనుక 257 కూడా పోతుంది. మిగిలేది 641 ఒక్కటే. తన సిద్ధాంతమే దారి చూపుతున్నా, నాలుగైదు భాగహారాల దూరంలో ఉన్న ఈ సంఖ్య ఫెర్మాకు ఎందుకు తగల్లేదన్నది గణిత చరిత్ర చదివేవారిని ఇప్పటికీ తొలిచే ప్రశ్న. 67,00,417 ప్రధాన సంఖ్యేనా అన్న సందేహాన్ని కూడా ఇదే నియమం తీరుస్తుంది. దాని వర్గమూలం 2,588 దాటి ఒక్క అర వరకే ఉంటుంది, ఆ లోపల 128 గుణిజాల మీద ఒకటిగా ఉన్న ప్రధాన సంఖ్యలు, ముందే పోయిన 257 కాక, 641, 769, 1,153, 1,409 మాత్రమే, ఈ నాలుగింటిలో ఏదీ దాన్ని భాగించదు.

భాగహారమే చేయకుండా 641 సంగతి తేల్చే దారి కూడా ఉంది, ఇది కాగితం మీద రెండు వరసల్లో అయిపోతుంది. 641 అంటే 5 × 128 + 1, అంతేకాక 625 + 16 కూడా. మొదటి రూపం నుంచి 641 దృష్టిలో 5 × 2⁷ విలువ −1 అని తెలుస్తుంది, దాన్ని నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 5⁴ × 2²⁸ విలువ 1. రెండో రూపం నుంచి 5⁴ విలువ −2⁴. రెండూ కలిపితే −2³² విలువ 1, అంటే 2³² + 1ని 641 భాగిస్తుంది. ఒకే సంఖ్యకు కుదిరిన ఈ రెండు రూపాలు తప్ప ఇందులో వేరే సరంజామా ఏదీ లేదు.

ఇప్పుడు మన సంఖ్య పూర్తి కారణాంకాలు రాయవచ్చు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు. ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం లేకపోవడానికి కారణం సులువే. వీటిలో దేన్ని తీసుకున్నా, దాని నుంచి రెండు తీసేస్తే అంతకుముందున్నవాటన్నిటి లబ్ధం వస్తుంది. ఉమ్మడిగా భాగించేదేదైనా ఉంటే అది ఆ రెండునూ భాగించాలి, అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అది జరగదు. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధానికి భాజకాలు 2⁷, అంటే 128. దీనికి రెట్టింపు మెట్టు కిందనున్న 2⁶³ − 1 స్వభావం వేరు, అందులో 7 రెండుసార్లు వస్తుంది.

సగం చేసుకుంటూ పోగల ఘాతాల సంఖ్యలన్నిటినీ వరసలో పెడితే మన సంఖ్య నిలబడిన చోటు స్పష్టమవుతుంది: 3, 15, 255, 65,535, 4,29,49,67,295, ఆపైన మనది. ఈ వరసలో ప్రధాన కారణాంకాల లెక్క ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని పద్ధతిగా పెరుగుతూ వచ్చి, ఆరో మెట్టు దగ్గర ఆరు కాకుండా ఏడు అవుతుంది. క్రమం విరిగేది సరిగ్గా చదరంగపు మొత్తం దగ్గరే. ఈ విరుపు ఒక్క లెక్కతో ఆగదు. ఒక సంఖ్య కంటే చిన్నవై, దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని అని ఆయిలర్ పేరు మీద ఒక లెక్క ఉంది. 15కు అలాంటివి 8, 255కు 128, 65,535కు 32,768. మొదటి అయిదు మెట్లలోనూ అది సరిగ్గా రెండుకు ఘాతమే, ఒకటి కలిపిన సంఖ్యలో సరిగ్గా సగమే. మన సంఖ్యకు మాత్రం అది 9208981628670443520, ఒకటి కలిపిన సంఖ్యలో సగం కంటే కొంచెం తక్కువ, 49.92 శాతం. ఆ తేడాకు దాదాపు మొత్తం కారణం 641 ఒక్కటే, 67,00,417 తగ్గించేది కంటికి ఆనదు.

ఆ కొంచెం తేడా జ్యామితిలో పెద్ద తేడా అవుతుంది. 1796లో కార్ల్ ఫ్రెడ్రిక్ గాస్ పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి గీయవచ్చని కనుక్కున్నాడు, 1801లో అచ్చయిన తన గ్రంథంలో దాన్ని విస్తరించాడు, 1837లో పియర్ వాంట్జెల్ మిగతా సగం నిరూపణ పూర్తి చేశాడు. దాని ప్రకారం బేసి సంఖ్య భుజాలున్న క్రమ బహుభుజిని గీయగలగాలంటే ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి, ఆయిలర్ లెక్క రెండుకు ఘాతంగా వచ్చేది అప్పుడే. అలా గీయడానికి వీలున్నట్టు తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అతి పెద్దదానికి 4,29,49,67,295 భుజాలు. సరిగ్గా సగం బల్ల మీది గింజలు అన్నే. రెండో సగం కూడా కలిపిన 18446744073709551615 భుజాలతో గీయడం అసాధ్యం. పనిముట్లు చిన్నవనో కాగితం చాలదనో కాదు, 641 అడ్డుపడుతుంది కనుక. మన సంఖ్యకున్న 128 భాజకాల్లో ఒకటిని మినహాయిస్తే గీయదగిన బహుభుజులనిచ్చేవి 31, ఇప్పటికి తెలిసిన బేసి భుజాల జాబితా మొత్తం ఆ ముప్పై ఒకటే.

బల్లను చివరిదాకా నింపకుండా మధ్యలో ఎక్కడైనా ఆగితే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందా అని కూడా అడగవచ్చు. గడుల లెక్క ప్రధాన సంఖ్య కాకపోతే మొత్తం ఎప్పుడూ ప్రధాన సంఖ్య కాదు. గడుల లెక్క ప్రధానమైనా హామీ లేదు, పదకొండో గడి దగ్గర వచ్చే 2,047 అంటే 23 × 89. అరవై నాలుగు గడుల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 అనే తొమ్మిది చోట్లే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది. వాటిలో ఆఖరుదైన 2305843009213693951 ప్రధానమేనని 1883లో రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ నిరూపించాడు. అంటే చివరి మూడు గడుల్లో గింజలు వేయడం మానేస్తే, మొత్తం రెండు ముక్కలుగా కూడా విడిపోని మొండి సంఖ్య. వేస్తే ఏడు ముక్కలు.

అదే 1883లో ల్యూకా ఒక బొమ్మను బజారులోకి తెచ్చాడు. మూడు కడ్డీలు, పరిమాణం తగ్గుతూ పోయే బిళ్ళలు, పెద్దదాన్ని చిన్నదాని మీద పెట్టకుండా అన్నిటినీ ఒక కడ్డీ నుంచి ఇంకోదానికి మార్చాలి. దానికి అల్లిన కథలో కాశీలోని ఒక ఆలయంలో అరవై నాలుగు బంగారు బిళ్ళలుంటాయి, మార్చడం పూర్తయ్యాక లోకం అంతమవుతుంది. అందుకు పట్టే కదలికలు 2⁶⁴ − 1. క్షణానికొకటి చొప్పున సుమారు 58,450 కోట్ల ఏళ్ళు. కాశీ కథ పారిస్‌లో పుట్టిందే గాని లెక్క మాత్రం మన పద్యంలోనిదే.

కంప్యూటర్ల కాలంలో ఈ సంఖ్య మళ్ళీ రోజువారీ వాడుకలోకి వచ్చింది, ఈసారి గింజలతో కాదు, అరవై నాలుగు బిట్లతో. ప్రాసెసర్‌లో ఒక సంఖ్యను పెట్టే గడి వెడల్పు ఇప్పుడు సాధారణంగా 64 బిట్లు, రుణ సంఖ్యల జోలికి పోకుండా అందులో ఇమిడే అతి పెద్ద సంఖ్య ఇదే. పదహారు ఆధారంగా రాస్తే పదహారు 'ఎఫ్'లు. దానికి ఒకటి కలిపితే అరవై అయిదో బిట్‌కు చోటు లేక గడి సున్న అయిపోతుంది. ఒకటి కలిపితే సున్న అయ్యేదాన్ని −1 అని పిలవడం సహజం కాబట్టి, రుణ సంఖ్యలు వాడే పద్ధతిలో ఇవే అరవై నాలుగు ఒకట్లకు −1 అని అర్థం. దశాంశ బిందువు సంఖ్యల గడిలో మాత్రం ఇది పట్టదు. అక్కడ ఖచ్చితత్వం 53 బిట్ల వరకే, కాబట్టి చివరి అయిదు ఆరుగా మారి 2⁶⁴ అయి కూర్చుంటుంది. ఎక్సెల్ లాంటి పట్టికలో ఈ ఇరవై అంకెలూ టైపు చేస్తే పదిహేను అంకెల తర్వాతవన్నీ సున్నలవుతాయి. పద్యం వరసలో చెబితే మొదటి అయిదు మాటలు, శర నుంచి శర దాకా, ఎగిరిపోయాయన్నమాట.

కారణాంకాల జాబితా కూడా ఇక్కడ నిజమైన పనికి వస్తుంది. అరవై నాలుగు బిట్లను జరుపుతూ, ఒకదానితో ఒకటి కలుపుతూ యాదృచ్ఛికంగా కనిపించే సంఖ్యలను పుట్టించే యంత్రాంగాలున్నాయి, జార్జ్ మార్సాగ్లియా 2003లో ప్రచురించిన పద్ధతి వాటిలో బాగా వాడుకలో ఉన్నది. అన్నీ సున్నలున్న స్థితి నుంచి అవి కదలవు, కనుక అవి తిరగగల అతి పెద్ద చక్రం 2⁶⁴ − 1 మెట్లు. ఎంచుకున్న అమరిక నిజంగా చక్రమంతా తిరుగుతుందా, మధ్యలోనే మొదటికొస్తుందా అని చూడటానికి అన్ని మెట్లూ నడవక్కర లేదు. అరవై నాలుగుసార్లు వర్గం చేసినంత పనితో 2⁶⁴ − 1 మెట్ల తర్వాత మొదటికి వచ్చిందని సరిచూసుకుని, ఆ సంఖ్యను 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417లతో విడివిడిగా భాగించగా వచ్చిన ఏడు చోట్లలో ఎక్కడా మొదటికి రాలేదని చూసుకుంటే చాలు. 641ని లెక్కలోంచి జారవిడిస్తే పరీక్ష తప్పుడు అమరికలను కూడా పాస్ చేసేస్తుంది.

ఇదే దారిలో ముందుకు పోతే తర్వాతి మెట్టు 2¹²⁸ − 1. దానికి కొత్తగా చేరే ముక్క 2⁶⁴ + 1, అంటే మన సంఖ్యకు రెండు కలిపినది. అది 2,74,177 × 67280421310721 అని 1880లో ఫ్రాన్స్‌లో ఫోర్త్యునె లాండ్రీ ప్రకటించాడు, అప్పటికి అతనికి ఎనభై దాటాయి. ఆపై మెట్లు తెగడానికి యంత్రాలు కావలసి వచ్చింది: 3తో మొదలుపెట్టి సున్నా నుంచి లెక్కిస్తే ఏడో ఫెర్మా సంఖ్య 1970లో, ఎనిమిదోది 1980లో, తొమ్మిదోది 1990లో విడిపోయాయి. ఈ లెక్కలో పదకొండోదాని దాకా అన్నిటి కారణాంకాలూ ఇప్పుడు తెలుసు, కాబట్టి 1,234 అంకెలున్న 2⁴⁰⁹⁶ − 1ని ఇరవై అయిదు ప్రధాన సంఖ్యల లబ్ధంగా పూర్తిగా రాయవచ్చు. పన్నెండోదానికి కొన్ని కారణాంకాలు దొరికినా ఇంకా విడిపోని పెద్ద ముక్క ఒకటి మిగిలే ఉంది.